ఈరమ్మ మూట

ఆత్మకూరు బస్టాండు నుంచి అమరచింత వైపు తిరిగే మలుపులో, ఎరువుల దుకాణానికీ టిఫిన్ బండికీ మధ్య, సాబిరా నడిపే ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఉదయం ఆమె భర్త అమానుల్లా షట్టరు ఎత్తి, వాకిట నీళ్ళు చల్లి, జిరాక్సు మిషను మీది గుడ్డ తీసి దులుపుతాడు. సాబిరా కంప్యూటరు ముందు కూర్చుని, తెర వెలిగేదాకా కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతుంది. ఆ తరువాత, కట్టిపెట్టిన మూటల్లో ఆ రోజు ఏవి విప్పవలసి ఉందో చూసుకుంటుంది.

మూట అన్నది ఆ బజారు పెట్టిన పేరు. ఒక మనిషి పని మొదలుపెడితే తెర మీద నాలుగైదు పేజీలైనా తెరవవలసి వస్తుంది. పని సగంలో ఉండగా సర్వరు నిలిచిపోతుంది, లేదా కరెంటు పోతుంది, లేదా వేలిముద్ర పడదు. మనిషిని రేపు రమ్మని పంపాలి. రేపు మళ్ళీ అన్నీ మొదటి నుంచి వెతకాలి. వదిన పడుతున్న ఈ అవస్థ చూసి, హైదరాబాదులో ఉద్యోగం చేసే మరిది ఉవైస్ ఒకసారి పండుగకు వచ్చినప్పుడు బ్రౌజరుకు ఒక ఎక్స్‌టెన్షన్ తగిలించి వెళ్ళాడు. పై మూలన చిన్న గుర్తు. దాన్ని నొక్కి పేరు రాస్తే, తెరిచి ఉన్న ట్యాబులన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఆ పేరు కింద చేరి మూతపడతాయి. మళ్ళీ ఆ పేరు నొక్కితే అవే పేజీలు అదే వరుసలో, ఆగిన చోటనే లేచి వస్తాయి.

సాబిరా పద్ధతి కలిగిన మనిషి. ఊరికొక అర ఏర్పరచింది. చదువుల పనికి ఆకుపచ్చ, ధ్రువపత్రాలకు పసుపు, భూముల పనికి ఎరుపు రంగు పెట్టింది. ఒక ఊళ్ళో ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇంటిపేరు చేర్చేది. ఒక అరలో ఒక పేరు ఒక్కసారే ఉండాలన్నది ఆ ఎక్స్‌టెన్షన్ నియమం. రెండవది వస్తే, పాతదాన్ని తీసివేసి ఆ చోట దీన్ని ఉంచమంటారా అని అడుగుతుంది.

మూట విప్పితే పేజీలతోపాటు మనిషి కూడా ఆ దినానికి వెళ్ళిపోవడం అందరూ ఎరిగిందే. ఒళ్ళు మారదు. నెరిసిన వెంట్రుక నెరిసినట్టే ఉంటుంది. లోపలి మనిషి మాత్రం మూట కట్టిన నాటి మనిషి అవుతాడు. ఆ తరువాత విన్నదీ నేర్చినదీ పడినదీ ఏదీ అతని వద్ద ఉండదు. ఎవరిని తలచి విప్పితే వారికి, వారు ఎక్కడ ఉన్నా, అది అందుతుంది. మర్నాడే విప్పే మూటల వల్ల ఒక పూట జ్ఞాపకం పోయేది. నిన్న ఏ కూర తిన్నామని ఇంటివాళ్ళను అడిగి తెలుసుకునేవారు. పరీక్ష తప్పినవాళ్ళు, అన్నదమ్ములతో మాట పడినవాళ్ళు పాత మూటలు విప్పించుకుని తేలికైన ముఖాలతో బస్సెక్కేవారు.

"మన పెండ్లికి ముందటి మూట నాదేమన్న ఉంటె జర ఇప్పు" అని అమానుల్లా జిరాక్సు మిషను దగ్గర నుంచి అనేవాడు.

"అప్పట్ల నీకు జిరాక్సు తీసుడు గూడ రాకుండె. ఏం జేసుకోను నిన్ను?" అని సాబిరా తల తిప్పకుండా జవాబు చెప్పేది.

మద్దిలేటి సంగతి జరిగాక ఆ పరిహాసాలు తగ్గాయి. మద్దిలేటి బొంబాయిలో భవనాల పనికి వెళ్ళి, ఇంటికి రావడమూ ఫోన్ చేయడమూ మానుకున్నాడు. అతడు ఊరు విడవక ముందు కట్టిన మూట ఒకటి సాబిరా దగ్గర ఉంది. దాన్ని విప్పమని భార్య లక్ష్మీదేవమ్మ వచ్చి అడిగింది. సాబిరా విప్పింది. ఆ ఉదయం బొంబాయిలో గోడకు కట్టిన సారువ కర్రల మీద ఇటుకలు అందుకుంటున్న మద్దిలేటి చేతులు ఆపి, ఇది ఏ ఊరని పక్కవాణ్ణి అడిగాడట. కిందికి దిగి, దారి కనుక్కుని, ఇంటికి చేరాడు. అన్నం కలుపుకుంటూ, నాయిన ఇంకా చేని నుంచి రాలేదా అన్నాడు. తండ్రి చనిపోయి చాలాకాలమైంది. కొరివి పెట్టింది మద్దిలేటే. చెప్పక తప్పలేదు. మొదటిసారి ఏడ్చినంతా అతడు మళ్ళీ ఏడ్చాడు. లక్ష్మీదేవమ్మ ఆ తరువాత బజారుకు వస్తే సెంటర్ ముందు నుంచి నడవకుండా చుట్టు తిరిగి వెళ్ళేది.

ఆనాటి నుంచి సాబిరా ఒక నియమం పెట్టుకుంది. ఎవరి మూట వారే వచ్చి అడగాలి.

ఈరమ్మది గుండ్లరేవు. భర్త పోయిన నాటి నుంచి కూలి చేసి ఒక్క కూతురిని చదివించింది. పూణెలో కంకర మోసింది, ఊరి పక్క నదికి ఆవలి గట్టున మిరప చేలల్లో కాయ ఏరింది. ఆ చేతుల మీద గీతలు అరిగిపోయి, ఏ యంత్రం మీదా ఆమె వేలిముద్ర పడేది కాదు. కూతురు సుప్రియ ఇంటరు ముగించిన ఏడు, ఇద్దరూ కలిసి సాబిరా ఎదుట కూర్చున్నారు. సుప్రియకు నాగర్‌కర్నూల్‌లో నర్సింగు సీటుకు దరఖాస్తు, తల్లికి ఆదాయ ధ్రువపత్రం. పిల్ల ఫోటోను సైటు తీసుకోలేదు. తల్లి వేలు ఎంత తుడిచి పెట్టినా పడలేదు.

"మాయమ్మ ఏలు దేవునికి గూడ గుర్తువట్టరాదు అక్కా" అని సుప్రియ నవ్వింది.

ఈరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. కూతురి ఫోటో తెర మీద కనిపిస్తుంటే దాన్నే చూస్తూ, తెల్లబట్టలు వేసుకుని తన బిడ్డ దవాఖానలో తిరుగుతుంటే చూడాలని ఉందని సాబిరాతో చెప్పింది. ఆ మధ్యాహ్నం రెండు మూటలు కట్టవలసి వచ్చింది. గుండ్లరేవు అరలో ఆకుపచ్చ రంగులో సుప్రియ, పసుపు రంగులో ఈరమ్మ పక్కపక్కన చేరారు. పనులు తరువాత నెరవేరాయి. నెరవేరినా మూటలను చెరపడం సాబిరాకు అలవాటు లేదు.

సీటు వచ్చింది. చదువు సగంలో ఉండగా, హాస్టలు మీద కొత్త అంతస్తు కట్టడానికి వచ్చిన మేస్త్రీలలో కోడేరుకు చెందిన సాంసన్‌తో సుప్రియకు పరిచయమైంది. పరీక్షలు రాయకుండానే అతనితో వెళ్ళిపోయింది. కోడేరు చర్చిలో పెళ్ళి జరిగింది. ఈరమ్మ వెళ్ళలేదు. చదువు చెడిందన్నది ఆమె చెప్పిన కారణం. వేరే కారణాలు కూడా ఉండవచ్చు. వాటిని ఆమె నోటితో అనలేదు. సుప్రియ ఫోన్ చేసింది.

"నీ పాలిట నేను సచ్చిన. సచ్చినోళ్ళకు ఫోన్ చేస్తరా?" అని ఈరమ్మ ఫోన్ పెట్టేసింది.

కోపంలో ఇటువంటి మాట ఆ ప్రాంతంలో ఎందరో అంటారు. అన్నవారు మరుస్తారు, పడ్డవారు కూడా మరుస్తారు. సుప్రియ మరవలేదు.

వానలు ముదిరిన రోజుల్లో, ఒక వారపు అంగడి దినాన, సుప్రియ చంటిబిడ్డను చంకన వేసుకుని సెంటర్‌కు వచ్చింది. జనన ధ్రువపత్రం కావాలన్నది. అది కోడేరులోనూ దొరుకుతుంది. అంత దూరం ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు. సాబిరా ఆ వేళ నమాజుకు ఇంట్లోకి వెళ్ళి ఉంది. అమానుల్లా కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"పేరు చెప్పు చెల్లె."

"ఈరమ్మ."

"మీ అమ్మది గాదు. పాపది."

"పాపదే భాయ్."

అమానుల్లా వేళ్ళు ఆగాయి. ఆ వైపు ఇళ్ళల్లో బతికి ఉన్నవారి పేరు పుట్టినవారికి పెట్టరు. పోయిన పెద్దల పేరునే మళ్ళీ ఇంట్లోకి పిలుచుకుంటారు. ఉన్నవారి పేరు పెడితే, పేరుతోపాటు వారి ఆయుష్షు కూడా ఉయ్యాలలోకి వెళ్ళిపోతుందని భయం.

"మీ అమ్మ ఉన్నది గద" అన్నాడతడు.

"సచ్చిన అని తనే చెప్పింది. పోయినోళ్ళ పేరు పెట్టుకుంటం గద భాయ్."

ఆ మాట అంటున్నప్పుడు సుప్రియ గొంతులో కోపం లేదు. పాప జుట్టు చెవి వెనక్కి సర్దుతూ, అమ్మ ఇప్పటికీ అంగడికి వస్తుందా అని అడిగింది. ఎప్పుడన్నా వస్తుందని అమానుల్లా చెప్పాడు. ఆమె రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

సర్వరు నిలిచిపోయింది. మూట కట్టవలసి వచ్చింది. సుప్రియ ఆధార్ మీద చిరునామా ఇంకా గుండ్లరేవే కాబట్టి అమానుల్లా ఆ అరలోనే ఈరమ్మ అని రాసి నొక్కాడు. ఈ పేరుతో ఒకటి ఉంది, దాని చోట దీన్ని ఉంచమంటారా అని తెర అడిగింది. తెర ఏది అడిగినా అవునని నొక్కడం అమానుల్లా అలవాటు. కాదంటే పని ఆగుతుందన్నది అతని అనుభవం. అవునని నొక్కాడు. పసుపు రంగు పేరు ఒకసారి మసకబారి, మళ్ళీ స్పష్టమైంది.

వనపర్తి బస్సు వచ్చేదాకా సుప్రియ అక్కడే కూర్చుని, ఎవరూ రాకపోవడంతో లేచి వెళ్ళింది. మళ్ళీ ఆ పని మీద రాలేదు. సాబిరా తిరిగి వచ్చాక అమానుల్లా ఆమెకు పాప పేరు సంగతి చెప్పాడు. ఆమె ఆ పేరు గురించి చాలాసేపు ఆలోచించింది. మూట గురించి అడగడం తోచలేదు.

వేరుశనగ ఎత్తే కాలంలో ఈరమ్మ వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి ఎండి ఉంది. కుర్చీలో కూర్చుని, సుప్రియ మూట విప్పమన్నది.

"ఎవరిది వాళ్ళే అడగాలె పెద్దమ్మా" అన్నది సాబిరా.

"దాన్ని గన్నది నేను. కూసోపెట్టి మూట కట్టిపిచ్చింది నేను. గా దినం అది చదువుకుంట అన్నది, నువ్వు గూడ విన్నవ్. నాకు గా బిడ్డ గావాలె. ఇప్పుడున్నది నా బిడ్డ గాదు."

"ఆ బిడ్డకు ఒక బిడ్డ ఉన్నది."

ఈరమ్మ తెర వైపు చూసింది. ఆమె ఆ సంగతి మొదటిసారి వింటున్నదో, విని చెవిన పెట్టనిదో, ముఖం చూసి చెప్పడం కష్టం. సాబిరా కుర్చీ దగ్గరికి జరుపుకున్నది.

"ఇప్పిననుకో. కోడేరుల సంకన పిల్లతోటి నిలబడి ఉంటది. ఈ పిల్ల ఎవరిదని పక్కింటోళ్ళను అడుగుతది. ఒంట్ల పాలుంటయి. ఎవరికోసమో తెల్వదు."

"సాదెటోళ్ళు సాదుకుంటరు" అన్నది ఈరమ్మ. "ఊరంత లేరా?"

ఆ మాట విన్నాక జిరాక్సు మిషను దగ్గర అమానుల్లా ఊరుకోలేకపోయాడు. పిల్లకు పెట్టిన పేరు చెప్పాడు. ఈరమ్మ అతని వైపు తిరిగి, తల పక్కకు వంచి, మళ్ళీ చెప్పమన్నట్టు చూసింది. అతడు మళ్ళీ చెప్పాడు.

"నన్ను సంపి పేరు పెట్టుకున్నదా" అన్నది ఆమె. అంత మెల్లగా ఆమె మాట్లాడటం వారు ఎన్నడూ వినలేదు. లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఏమీ అడగలేదు. ఆ తరువాతి రోజూ వచ్చింది, ఆ తరువాత కూడా. కొంగులో కట్టుకున్న మక్కజొన్న పేలాలు తింటూ, తెర వైపు చూస్తూ, సెంటర్ మూసేదాకా కూర్చునేది. పని మీద వచ్చినవారు ఆమె పక్కన కూర్చోకుండా నిలబడే ఉండేవారు. సాబిరా ఇంట్లోకి వెళ్ళవలసి వస్తే మౌసు తీసి చేతిసంచిలో వేసుకుని వెళ్ళేది. ఆ మూటను తనే చెరిపివేయవచ్చునన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ అది సుప్రియది. ఒకరి దినాన్ని విప్పే హక్కు ఎట్లా లేదో, చెరిపే హక్కు కూడా తనకు అట్లాగే లేదని ఆమె నమ్మకం.

ఒక మధ్యాహ్నం సాబిరా ఇంట్లో నుంచి తిరిగి వస్తూ గడప దగ్గర ఆగింది. లోపల ఈరమ్మ అమానుల్లాను అడుగుతోంది.

"నువ్వన్న ఇప్పుతవా భాయ్?"

అమానుల్లా నోరు తెరిచాడు. ఎవరు ఏది అడిగినా ఆ నోట వచ్చే మాట అవునన్నదొక్కటే. దాన్ని మింగి, లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. తను లేని ఒక రోజున ఆ మాట వచ్చే తీరుతుందని సాబిరాకు అర్థమైంది.

ఆ సాయంకాలం ఆమె రెండు గ్లాసుల చాయ్ తెచ్చి బెంచీ మీద ఈరమ్మ పక్కన కూర్చుంది. కూతురి మూటతోపాటు తల్లి మూట కూడా ఆనాడే కట్టిన సంగతి గుర్తు చేసింది. దాన్ని విప్పితే ఈరమ్మ ఆ మధ్యాహ్నపు ఈరమ్మ అవుతుంది. ఫోన్‌లో అన్న మాట ఆమె ఇంకా అని ఉండదు. జరిగినదంతా తనే నిదానంగా, మంచి చెడ్డ చూసి చెబుతానని, ఆనాటి మనిషి వింటుందని నచ్చజెప్పింది.

"మూటెందుకు, మరిస్తె పాయె గద అంటవేమో" అన్నది ఈరమ్మ. "నేనూ సూసిన. బువ్వ తింటుంటె మతికొస్తది. మిరపగింజ లెక్క గొంతుల్నే ఉంటది. నీళ్ళు తాగినా పోదు."

చాయ్ ముగించి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళింది. కొన్ని రోజులు బెంచీ ఖాళీగా ఉంది. సాబిరా మౌసును బల్ల మీదనే ఉంచడం మొదలుపెట్టింది.

తరువాత ఒక పొద్దున ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని ఈరమ్మ వచ్చింది. ముందుగా అమానుల్లా దగ్గరికి వెళ్ళి, పిల్ల ఎవరి తీరుగా ఉందని అడిగింది.

"నుదురు నీదే పెద్దమ్మా. గొంతు గూడ నీదే. ఏడిస్తె బస్టాండుదాంక ఇనవడ్డది."

ఈరమ్మ నవ్వింది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని అప్పటిదాకా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ నవ్వు ఆగక ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ముందుగాల దానిది తీసెయ్ బిడ్డా. మల్ల నా మనసు ఎట్ల మర్లుతదో" అన్నది.

మూట సుప్రియదే అయినా, దాన్ని కట్టించిన తల్లే చెరపమంటోంది. సాబిరా ఆకుపచ్చ రంగు పేరును వేలితో చూపి, ఇదే గదా అని అడిగి, చెరిపివేసింది. గుండ్లరేవు అరలో ఆ చోటు ఖాళీ అయి, కింది పేరు పైకి జరిగింది. ఇక కోడేరులో ఆ తల్లిని ఆ బిడ్డ నుంచి ఎవరూ విడదీయలేరు. సాబిరా గుండెల మీద బరువు దిగింది. అందువల్లనే కావచ్చు, తరువాతి పని ఆమె మామూలు పనిలాగా చేసింది.

"నాకు ఎరుకలేక ఏమన్న అంటె నువ్వే చెప్పు" అన్నది ఈరమ్మ. "నీ బిడ్డ కోడేరుల మంచిగనే ఉన్నది, ఒక ఆడిపిల్ల పుట్టింది, పోయి సూడు అని చెప్పు. పేరు సంగతి ఇప్పుడే చెప్పకు. జర నిమ్మళమైనంక చెప్పు."

సరేనన్నది సాబిరా. ఎదుట కూర్చున్న మనిషిని తలచి, పసుపు రంగు పేరును పైకి చదివి నొక్కింది.

ట్యాబులు ఒకటి వెనుక ఒకటి లేచాయి. మొదట ఆదాయ ధ్రువపత్రం పేజీ రావాలి. జననాల నమోదు పేజీ వచ్చింది. దాని పక్కన ప్రసవమైన దవాఖాన ఇచ్చిన చీటీ, ఆ పక్కన తల్లి సుప్రియ, తండ్రి సాంసన్ అని నింపిన దరఖాస్తు. బిడ్డ పేరు అన్న గడిలో ఈరమ్మ. సాబిరా మౌసు విడిచిపెట్టి కుర్చీ వైపు తిరిగింది.

ఈరమ్మ తెర వెలుగును చూస్తోంది. తెర మీది అక్షరాలను కాదు, వెలుగునే. ఆమె కుడి చేయి ఒడి నుంచి మెల్లగా పైకి లేచి, ముఖం ముందు ఆగింది. అది ఎవరి చెయ్యో తెలియనట్టు దాన్ని చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. తల నిలవక ఒక పక్కకు వాలింది. సాబిరా లేచి పట్టుకున్నది. కుర్చీ కింద తడి పాకుతోంది. అమానుల్లా బయటికి వెళ్ళి షట్టరు సగం దించాడు.

తిరిగి వచ్చిన భర్తను సాబిరా అడిగింది.

"ఆ దినం తెర అడిగిందా?"

"అడిగింది."

"ఏమన్నవ్?"

"అవునన్న."

ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న అరలన్నీ సాబిరా వెతికింది. ఈరమ్మ అన్న పేరు మరెక్కడా లేదు. ఉవైస్‌కు ఫోన్ చేస్తే, ఒకదాని చోట ఇంకొకటి పెడితే పాతది మళ్ళీ రాదు వదినా అన్నాడు. ఏమి పోయిందని అతడు అడిగాడు. ఆమె చెప్పకుండా ఫోన్ పెట్టి, కోడేరుకు చేసింది.

పొద్దు వాలుతుండగా సుప్రియ పాపతో వచ్చింది. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, నేల మీద చాప పరిచి పడుకోబెట్టిన తల్లిని చూసింది. సాబిరా తన చీరల్లో ఒకటి ఆమెకు కట్టింది. ఈరమ్మ మేల్కొనే ఉంది. పైన తిరిగే ఫ్యాను నీడ గోడ మీద కదులుతుంటే కళ్ళతో వెంబడిస్తోంది.

"ఇప్పుమని ఎవరడిగిన్రు?" అని సుప్రియ అడిగింది.

"ఆమెనే."

"నాది అడగలేదా?"

సాబిరా చాప అంచు సర్దింది.

"ముందు నీదే అడిగింది. మల్ల తనే తీసెయ్‌మన్నది. తీసినంకనే ఇటు ఇప్పిన."

సుప్రియ చాప పక్కన కూర్చుంది. చాలా కాలంగా ఆ ముఖాన్ని తలచుకున్నప్పుడల్లా ఆమెకు అందులో కోపమే కనిపించేది. ఇప్పుడు ఆ ముఖంలో కోపం లేదు. అందులో ఇంకా ఏమీ లేదు. పాప ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఈరమ్మ కూడా, అదే ఎత్తులో, అదే తెరిపి లేకుండా ఏడవసాగింది. బయట బస్సు కోసం నిలబడినవారు ఒకసారి లోపలికి చూసి, చూపు తిప్పుకున్నారు. సుప్రియ పాపకు పాలిచ్చి, రెండవ చేత్తో తల్లి నుదుటి మీద జుట్టు సవరిస్తూ, మెత్తగా ఏమన్నా ఉంటే తెమ్మని సాబిరాను అడిగింది. సాబిరా పాలలో రొట్టె నానబెట్టి తెచ్చింది. మొదటి చెంచా ఈరమ్మ పెదవుల మీద నుంచి జారిపోయింది. రెండవది లోపలికి వెళ్ళింది.

నాలుగు దినాలు ఇక్కడే ఉండనిమ్మని సాబిరా బతిమాలింది. మళ్ళీ పెరుగుతుందేమో, మాటలు వస్తాయేమో అని అమానుల్లా అన్నాడు.

"నేను తీస్కపోత అక్కా. ఇద్దరికీ ఒక్కతీరుగనే చెయ్యాలె గద" అన్నది సుప్రియ.

వనపర్తి బస్సులో అమానుల్లా వారికి కిటికీ పక్క సీటు పట్టి ఇచ్చాడు. డ్రైవరు ఇంజను ఆపి, ఈరమ్మను ఎత్తి కూర్చోబెట్టేదాకా ఆగాడు. సుప్రియ ఒడిలో పాపను పడుకోబెట్టుకుని, తల్లి తలను భుజానికి ఆనించుకున్నది. బస్సు ఊరు దాటింది. కండక్టరు ముందు సీట్ల నుంచి టికెట్లు కొడుతూ వచ్చాడు. సుప్రియ తన ఆధార్ చూపితే ఆడవారికి ఇచ్చే జీరో టికెట్ ఒకటి చించి ఇచ్చాడు. ఆమె తల్లి ఆధార్ కోసం సంచిలో వెతకసాగింది. ఈరమ్మ సుప్రియ కొంగును పిడికిట పట్టుకుని, కిటికీలో వెనక్కి పోతున్న చెట్లను రెప్ప వేయకుండా చూస్తోంది. కండక్టరు ఆ పిడికిలిని చూశాడు, ఆ కళ్ళను చూశాడు.

"చంటిపిల్లలకు టికెట్ అక్కర్లేదమ్మా" అని చెప్పి, వెనుక సీటుకు జరిగాడు.